క్లాసు డయాగ్రాం నుంచి టేబుళ్లు: మోడల్ ట్రాన్స్‌ఫర్మేషన్ రాసి, సరిచూసుకోవడం ఎలా

మోడల్ ట్రాన్స్‌ఫర్మేషన్ (ఒక రకం మోడల్ నుంచి ఇంకో రకం మోడల్‌ను రూల్స్‌తో పుట్టించడం) అనగానే చాలామంది నేరుగా రూల్స్ రాయడానికి కూర్చుంటారు. క్లాసుకు టేబుల్, అట్రిబ్యూటుకు కాలమ్. కాసేపట్లో ఏదో ఒకటి నడుస్తుంది, ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ టూల్‌లో అవుట్‌పుట్ ట్రీ విప్పి చూస్తే అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ ఎలాంటి మోడల్ ఇస్తే అది సరిగ్గా పనిచేస్తుందో ఎక్కడా రాసి ఉండదు. ఈ పనిలో పెద్ద బగ్గులు రూల్స్‌లో కన్నా, రాయకుండా వదిలేసిన ఆ షరతుల్లోనే ఎక్కువగా దాక్కుంటాయని నా గట్టి అభిప్రాయం. అందుకే ఇక్కడ వరుస మార్చి చెబుతున్నాను: ముందు షరతులు, తర్వాత రూల్స్, ఆ తర్వాత మన రూల్స్‌ను మనమే విరగ్గొట్టే ప్రయత్నం.

ఉదాహరణగా పాత సమస్యనే తీసుకుందాం: క్లాసు డయాగ్రాంను రిలేషనల్ డేటాబేసు స్కీమాగా మార్చడం. 2005లో జమైకాలోని మాంటెగో బేలో మోడల్స్ అనే సదస్సుతో పాటు ట్రాన్స్‌ఫర్మేషన్ భాషలను పోల్చి చూడడానికి ఒక వర్క్‌షాపు పెట్టారు. పాల్గొన్నవాళ్లందరూ తప్పనిసరిగా చేయాల్సిన సమస్య ఇదే. చిన్నదే కానీ ఇన్‌హెరిటెన్స్, రికర్షన్, పేర్ల గొడవ, కీలు అన్నీ ఇందులో తగులుతాయి. నేను చెప్పేది ఏటీఎల్‌ను దృష్టిలో పెట్టుకుని. ఫ్రాన్స్‌లోని నాంట్‌లో పుట్టి, ఎక్లిప్స్ మోడలింగ్ ఫ్రేమ్‌వర్క్ (ఈఎంఎఫ్) మీద నడిచే భాష అది. మీరు క్యూవీటీ ఆపరేషనల్, ఎప్సిలాన్ ఈటీఎల్ లాంటి వేరే ట్రాన్స్‌ఫర్మేషన్ భాషల్లో రాస్తున్నా పని వరుస ఇదే.

1. మెటామోడళ్లు చిన్నగా పెట్టుకోండి

మెటామోడల్ అంటే ఒక మోడల్‌లో ఏమేం ఉండవచ్చో చెప్పే మోడల్. క్లాసు డయాగ్రాంలు గీసే యూఎంఎల్ భాష మెటామోడల్‌ను మొత్తం తెచ్చి పెట్టుకోకండి. మీరు వాడని ప్రతి క్లాసూ రేపు సరిచూసేటప్పుడు బరువే. ఈఎంఎఫ్‌లో మెటామోడళ్లు గీసే ఈకోర్‌లో రెండు చిన్న మెటామోడళ్లు గీయండి.

సోర్స్ వైపు: క్లాసు, దానికి పేరు, పేరెంటు, పర్సిస్టెంటా కాదా అనే బూలియన్. పర్సిస్టెంట్ అంటే డేటాబేసులో సొంతంగా నిలవాల్సిన క్లాసు. అట్రిబ్యూటుకు పేరు, టైపు, ప్రైమరీయా (టేబుల్‌లో కీ అయ్యేదా) కాదా అనే బూలియన్. టైపు అన్నది ప్రిమిటివ్ కావచ్చు, మరో క్లాసు కావచ్చు. టార్గెట్ వైపు: టేబుల్, అందులో కాలమ్‌లు. ప్రతి కాలమ్‌కు పేరు, టైపు, కీనా కాదా అన్నది, వేరే టేబుల్‌ను సూచిస్తుంటే ఆ టేబుల్‌కు ఒక లింకు.

టేబుల్‌కు కనీసం ఒక కాలమ్ ఉండాలి, అట్రిబ్యూటుకు టైపు తప్పకుండా ఉండాలి లాంటివన్నీ మల్టిప్లిసిటీలోనే (ఎన్ని ఉండాలన్న హద్దులోనే) చెప్పేయండి. అప్పుడు వాటిని ఈఎంఎఫ్ వ్యాలిడేషనే చూసుకుంటుంది, మీరు విడిగా ఏమీ రాయక్కర్లేదు. టేబుల్‌లో కాలమ్‌ల రెఫరెన్సును వరుస ఉండేలా పెట్టండి, కాలమ్‌లను సృష్టించే క్రమం కూడా ఎప్పుడూ ఒకటే ఉండేలా చూసుకోండి. లేదంటే అదే మోడల్‌ను రెండుసార్లు నడిపితే కాలమ్‌ల వరుస మారి, స్కీమాలో లేని మార్పులు ఉన్నట్టు కనిపిస్తాయి.

2. ఏం కావాలో మామూలు వాక్యాల్లో రాయండి

కోడ్ ఊసు లేకుండా ఈ నాలుగూ రాసుకోండి.

ఇన్‌హెరిటెన్స్ వరుసలో అన్నిటికన్నా పైనున్న పర్సిస్టెంట్ క్లాసుకు మాత్రమే టేబుల్ వస్తుంది; కింది క్లాసుల అట్రిబ్యూట్లన్నీ ఆ టేబుల్‌లోనే కలిసిపోతాయి. ప్రిమిటివ్ టైపున్న అట్రిబ్యూటు ఒక కాలమ్ అవుతుంది. పర్సిస్టెంట్ క్లాసు టైపుగా ఉన్న అట్రిబ్యూటు, ఆ క్లాసు టేబుల్ కీని సూచించే కాలమ్ అవుతుంది. పర్సిస్టెంట్ కాని క్లాసు టైపుగా ఉంటే, ఆ క్లాసు అట్రిబ్యూట్లు ఒక్కొక్కటీ ముందు పేరు తగిలించుకుని ఇదే టేబుల్‌లో కాలమ్‌లవుతాయి.

కాగితం మీద ఒక చిన్న మోడల్ వేసి చూడండి. ‘విద్యార్థి’ పర్సిస్టెంట్, ‘రోల్‌నంబరు’ దాని ప్రైమరీ అట్రిబ్యూటు. ‘చిరునామా’ పర్సిస్టెంట్ కాదు, అందులో ‘వీధి’, ‘పిన్‌కోడ్’ ఉన్నాయి. విద్యార్థికి ‘శాశ్వత’, ‘ప్రస్తుత’ అని రెండు అట్రిబ్యూట్లు, రెండిటి టైపూ చిరునామానే. టేబుల్‌లో రావాల్సినవి: రోల్‌నంబరు, శాశ్వత_వీధి, శాశ్వత_పిన్‌కోడ్, ప్రస్తుత_వీధి, ప్రస్తుత_పిన్‌కోడ్. ముందు తగిలించే పేరు అట్రిబ్యూటుదా, టైపుదా అని నాలుగో వాక్యంలో తేల్చకపోతే, ఎవరో ఒకరు టైపు పేరు తగిలిస్తారు. అప్పుడు చిరునామా_వీధి రెండుసార్లు వస్తుంది. ఇలాంటి సందేహాలు తేల్చడానికే ఈ మెట్టు. దీనికి ఒక పూట పట్టినా ఆ సమయం వృథా కాదు.

3. ప్రీకండిషన్లు: ఏ మోడళ్లకు మాట ఇస్తున్నారు?

పై నాలుగు వాక్యాల్లో ఒక్కోదాన్నీ పట్టుకుని, ఇది ఎప్పుడు అర్థం లేకుండా పోతుందని అడగండి.

మూడో వాక్యం: ఆ టేబుల్‌కు కీ లేకపోతే? కాబట్టి పైనున్న ప్రతి పర్సిస్టెంట్ క్లాసుకూ సరిగ్గా ఒక్క ప్రైమరీ అట్రిబ్యూటు ఉండాలి. ఆ ప్రైమరీ అట్రిబ్యూటు టైపు మరో పర్సిస్టెంట్ క్లాసు అయితే? ఒకదాని కీ రెండోదాన్ని, రెండోదాని కీ మొదటిదాన్ని అడుగుతూ తిరుగుతూనే ఉంటాయి. దాని టైపు ప్రిమిటివే కావాలని నేను షరతు పెడతాను. మీకు కలిపి కట్టిన కీలు కావాలంటే ఈ షరతును సడలించవచ్చు, కానీ అప్పుడు చక్రాలు లేవని విడిగా చూపించాల్సి ఉంటుంది.

నాలుగో వాక్యం ఇంకా ప్రమాదకరం. పర్సిస్టెంట్ కాని క్లాసులో మళ్లీ అదే క్లాసు టైపున్న అట్రిబ్యూటు ఉంటే కాలమ్‌లకు అంతం ఉండదు. చక్రం ఎప్పుడూ ఇంత సూటిగా ఉండదు కూడా: ఒక క్లాసు అట్రిబ్యూటు రెండో క్లాసుకు పోతుంది, రెండోదాని పేరెంటులో ఉన్న అట్రిబ్యూటు తిరిగి మొదటిదానికి వస్తుంది. కాబట్టి షరతు ఇలా ఉండాలి: పర్సిస్టెంట్ కాని క్లాసుల మధ్య అట్రిబ్యూటు టైపుల వెంట, పేరెంటుల వెంట కలిపి ఎంత నడిచినా బయల్దేరిన క్లాసుకు తిరిగి రాకూడదు. మోడళ్ల మీద షరతులు రాసే ఓసీఎల్ భాషలో, లింకుల వెంట చేరగలిగినవన్నీ ఇచ్చే క్లోజర్ ఆపరేషన్‌తో ఇది ఒక్క వాక్యం. ఇన్‌హెరిటెన్స్‌లో చక్రం ఉండకూడదన్నది పర్సిస్టెంట్ క్లాసులకూ విడిగా రాయండి. అన్నట్టు, విద్యార్థికి ‘మెంటర్’ అనే అట్రిబ్యూటు ఉండి దాని టైపు కూడా విద్యార్థే అయితే తప్పేమీ లేదు. అది పర్సిస్టెంట్ కాబట్టి కీ దగ్గరే ఆగిపోతుంది.

ఒకే ఇన్‌హెరిటెన్స్ వరుసలోని క్లాసుల్లో, పైదానిలో గానీ కిందివాటిలో గానీ, ఒకే పేరు రెండు అట్రిబ్యూట్లకు ఉండకూడదు. ‘హాస్టల్‌విద్యార్థి’లో ఒక ఫీజు, ‘డేస్కాలర్’లో ఇంకో ఫీజు ఉంటే రెండూ ఒకే టేబుల్‌లో కొట్టుకుంటాయి.

ఈ షరతులను కామెంట్లుగా వదిలేయకండి. ఓసీఎల్ ఇన్వేరియంట్లుగానో (ఎప్పుడూ నిజం కావాల్సిన షరతులుగా), ఎప్సిలాన్‌లో షరతులు రాసే ఈవీఎల్‌లోనో రాసి, ట్రాన్స్‌ఫర్మేషన్ కన్నా ముందు నడపండి. షరతు తప్పిన మోడల్ వస్తే, ఏ క్లాసు దగ్గర ఏం తప్పిందో చెప్పి అక్కడే ఆపేయాలి. సగం సరైన స్కీమా ఇవ్వడం కన్నా ఇది ఎంతో నయం.

4. పోస్ట్‌కండిషన్లు

అవుట్‌పుట్ చూసి ఏం నిజం కావాలో కూడా రూల్స్ కన్నా ముందే రాయండి. పైనున్న పర్సిస్టెంట్ క్లాసులెన్నో టేబుళ్లు అన్నే, అవే పేర్లతో ఉండాలి. ప్రతి టేబుల్‌కూ ఒక్కటే కీ కాలమ్ ఉండాలి. ఒక టేబుల్‌లో ఏ రెండు కాలమ్‌లకూ ఒకే పేరు ఉండకూడదు. వేరే టేబుల్‌ను సూచించే కాలమ్ టైపు, ఆ టేబుల్ కీ కాలమ్ టైపు ఒకటే కావాలి.

అందరూ మరిచిపోయేది ఇంకోటుంది: అదనంగా ఏదీ ఉండకూడదు. సోర్స్‌లో ఏ అట్రిబ్యూటు నుంచి వచ్చిందో చెప్పలేని కాలమ్ ఒక్కటి కూడా మిగలకూడదు. దీన్ని పరీక్షించాలంటే ఏది ఎందులోంచి వచ్చిందో చెప్పే ట్రేస్ చేతిలో ఉండాలి. ఏటీఎల్ లోపల ఎలాగూ ట్రేస్ పెట్టుకుంటుంది, కానీ మీ సొంత ట్రేస్ మోడల్‌ను ఇంకో అవుట్‌పుట్‌గా తీసుకోవడం మంచిది. తప్పు పట్టుకునేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

5. ఇప్పుడు రూల్స్

ఏటీఎల్‌లో మ్యాచ్‌డ్ రూల్స్ రెండు విడతల్లో నడుస్తాయి. మొదట ఏ సోర్స్ ఎలిమెంటు ఏ రూల్‌కు సరిపోతుందో చూసి, టార్గెట్ ఎలిమెంట్లను ఖాళీగా సృష్టిస్తుంది. తర్వాత వాటి విలువలు నింపుతుంది. ఒకే ఎలిమెంటుకు రెండు మ్యాచ్‌డ్ రూల్స్ సరిపోతే రన్‌టైమ్‌లో ఎర్రర్ వస్తుంది, కాబట్టి గార్డులు (రూల్ దేనికి సరిపోతుందో చెప్పే షరతులు) ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోండి. టార్గెట్ మోడల్‌ను మధ్యలో చదవడం కుదరదు. కావాల్సిన లెక్కంతా సోర్స్ మీదే, హెల్పర్లలో (మనం రాసుకునే చిన్న ఫంక్షన్లలో) జరగాలి.

మన కేసులో మ్యాచ్‌డ్ రూల్ ఒక్కటి చాలు: పర్సిస్టెంట్ అయి, పేరెంటు లేని క్లాసు నుంచి టేబుల్. కష్టమంతా ‘దారులు’ అనే హెల్పర్‌లో పెట్టండి. ఇది క్లాసును తీసుకుని అట్రిబ్యూట్ల వరుసలు ఇస్తుంది: [రోల్‌నంబరు], [శాశ్వత, వీధి], [శాశ్వత, పిన్‌కోడ్] ఇలా. ప్రతి దారికీ ఒక లేజీ రూల్ (మనం పిలిస్తేనే నడిచేది) ఒక కాలమ్‌ను సృష్టిస్తుంది, దారిలోని పేర్లను అండర్‌స్కోర్‌తో కలిపి కాలమ్ పేరు పెడుతుంది.

ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త.

లేజీ రూల్‌ను యూనిక్‌గా పెట్టి, దారికి బదులు చివరి అట్రిబ్యూటును మాత్రమే ఇచ్చారనుకోండి. చిరునామాలోని వీధి ఒకటే కాబట్టి ఎన్నిసార్లు పిలిచినా అదే కాలమ్ తిరిగి వస్తుంది. శాశ్వత, ప్రస్తుత రెండిటికీ కలిపి ఒక్క కాలమే మిగులుతుంది. రెండు టేబుళ్ల మధ్య ఇలా జరిగితే, కంటెయిన్‌మెంటు (ఒక కాలమ్ ఒక్క టేబుల్‌లోనే ఉండగలదు) కాబట్టి ఆ కాలమ్ మొదటి టేబుల్‌లోంచి మాయమై రెండోదానిలో తేలుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. మామూలు లేజీ రూల్ వాడండి.

రెండోది కీ. కాలమ్ కీనా కాదా అన్నది చివరి అట్రిబ్యూటు ప్రైమరీ జెండాను చూసి నిర్ణయించకండి. చిరునామాలో ఎవరైనా ఒక అట్రిబ్యూటును ప్రైమరీ అని పెడితే, అది విద్యార్థి టేబుల్‌లో రెండో కీ అయి కూర్చుంటుంది. దారి పొడవు ఒకటై, ఆ ఒక్కటీ ప్రైమరీ అయితేనే కీ.

మూడోది సూచించే లింకు. ఏటీఎల్‌లో సోర్స్ ఎలిమెంటును టార్గెట్ ఫీచరుకు బైండ్ చేస్తే, ట్రేస్‌లో వెతికి దాన్నుంచి పుట్టిన ఎలిమెంటును తనే పెడుతుంది. ‘గది’ క్లాసులో ఉన్న అట్రిబ్యూటు టైపు హాస్టల్‌విద్యార్థి అయితే, ఆ క్లాసుకు టేబుల్ పుట్టలేదు కాబట్టి ట్రేస్‌లో ఏమీ దొరకదు. ముందు పేరెంటుల వెంట పైకంటా వెళ్లి, పైనున్న క్లాసునే బైండ్ చేయాలి.

6. ఆగుతుందని చూపించండి

మ్యాచ్‌డ్ రూల్స్ ప్రతి ఎలిమెంటుకూ ఒక్కసారే నడుస్తాయి కాబట్టి, వాటివల్ల ఎప్పటికీ తిరుగుతూ ఉండే ప్రమాదం లేదు. చూడాల్సింది రికర్షన్ ఉన్న హెల్పర్లు, ఒకదాన్నొకటి పిలుచుకునే లేజీ రూల్స్. మనకు ‘దారులు’ ఒక్కటే రికర్సివ్. పర్సిస్టెంట్ కాని క్లాసులోకి దిగిన ప్రతిసారీ, ఆ క్లాసు నుంచి అట్రిబ్యూటు టైపులు, పేరెంటుల వెంట నడవగలిగే అతి పొడవైన దారి కనీసం ఒకటి తగ్గుతుంది. మూడో మెట్టులో చక్రాలు లేవని షరతు పెట్టాం కాబట్టి ఆ పొడవుకు హద్దుంది. వాదన ఇంతే. దీన్ని హెల్పర్ పైన రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. రేపు ఎవరైనా హెల్పర్ మార్చినప్పుడు ఈ వాదన ఇంకా నిలుస్తుందా అని చూసుకోవడానికి పనికొస్తుంది.

7. టెస్టు మోడళ్లు

చేత్తో రాసిన పెద్ద మోడల్ ఒక్కటి కన్నా, ఒక్కో సందుకు ఒక్కో చిన్న మోడల్ మేలు: ఖాళీ మోడల్, ఒక్క క్లాసు, మూడంతస్తుల ఇన్‌హెరిటెన్స్, చిరునామాలో మళ్లీ ‘ఊరు’ అనే పర్సిస్టెంట్ కాని క్లాసు, తన మీద తనే లింకు ఉన్న విద్యార్థి. వచ్చిన ఫలితాన్ని, మోడల్ సేవ్ అయ్యే ఎక్స్‌ఎంఐ ఫైలు టెక్స్టుగా పోల్చకండి. అర్థం మారకపోయినా ఐడీలు, వరుస మారితే ఫెయిల్ అంటుంది. ఈఎంఎఫ్ కంపేర్‌తో మోడళ్లుగా పోల్చండి, లేదా నాలుగో మెట్టులోని పోస్ట్‌కండిషన్లను నేరుగా నడపండి. నాకైతే రెండో పద్ధతి ఇష్టం. ఆశించిన అవుట్‌పుట్‌ను చేత్తో తయారు చేసుకునే పని తప్పుతుంది, యాదృచ్ఛికంగా పుట్టించిన మోడళ్ల మీద కూడా అవే షరతులు నడుస్తాయి.

యాదృచ్ఛిక మోడళ్లు పుట్టించేటప్పుడు పేర్లను పొడవాటి రాండమ్ స్ట్రింగులుగా పెడితే ఏ రెండు పేర్లూ ఎప్పటికీ ఢీకొనవు, బగ్గూ బయటపడదు. పేర్లను ‘అ’, ‘ఆ’, ‘అ_ఆ’ అనే మూడింటిలోంచే తీసుకోండి. వెంటనే ఒకటి దొరుకుతుంది: ఒక క్లాసులో ‘అ’ అనే అట్రిబ్యూటు టైపు పర్సిస్టెంట్ కానిది, అందులో ‘ఆ’ ఉంది, అదే క్లాసులో నేరుగా ‘అ_ఆ’ అనే అట్రిబ్యూటు కూడా ఉంది. రెండు కాలమ్‌లకూ పేరు అ_ఆ. రూల్స్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా పోస్ట్‌కండిషన్ తప్పింది.

ఇలాంటిది దొరికిన ప్రతిసారీ ఒకే ప్రశ్న: తప్పు రూల్‌లోనా, షరతులోనా? ఇక్కడ నేను షరతే బిగిస్తాను. అట్రిబ్యూటు పేర్లలో అండర్‌స్కోర్ ఉండకూడదు. అప్పుడు కాలమ్ పేరును అండర్‌స్కోర్ల దగ్గర విడగొడితే దారి మొత్తం తిరిగి వస్తుంది. ఒక వరుసలో అట్రిబ్యూటు పేర్లు వేర్వేరని ముందే చెప్పుకున్నాం కాబట్టి వేర్వేరు దారులకు వేర్వేరు పేర్లే వస్తాయి. పేర్లు ఢీకొనవన్నది ఇక టెస్టులో కనిపించిన విషయం కాదు, నిరూపించిన విషయం. మీ వాడుకరుల మోడళ్లలో ఇప్పటికే అండర్‌స్కోర్లు ఉంటే షరతు పెట్టలేరు. అప్పుడు పేరు మార్చే రూల్ రాయక తప్పదు.

8. టెస్టులనే పరీక్షించండి

అన్ని టెస్టులూ పాసైతే రూల్స్ బాగున్నాయని అనుకోవచ్చు, లేదా టెస్టులు బలహీనంగా ఉన్నాయనీ అనుకోవచ్చు. తేల్చుకోవడానికి మ్యూటేషన్ ఉంది: ట్రాన్స్‌ఫర్మేషన్‌లో కావాలని చిన్న తప్పు పెట్టి, ఏ టెస్టయినా ఫెయిలవుతుందా అని చూడడం. మోడల్ ట్రాన్స్‌ఫర్మేషన్లకు సరిపడే మ్యూటేషన్ రకాలను 2006లో మోటూ, బోద్రీ, లె త్రాఁ అనే ఫ్రెంచి పరిశోధకులు ప్రతిపాదించారు: నావిగేషన్ మార్చడం, ఫిల్టర్ మార్చడం, సృష్టించేదాన్ని మార్చడం, మోడల్‌లో చేసే మార్పులను తారుమారు చేయడం.

మన కేసులో చేత్తోనే చేసేయవచ్చు. పైకంటా వెళ్లే హెల్పర్‌ను ఒక్క మెట్టే ఎక్కేలా మార్చండి. మూడంతస్తుల టెస్టు పట్టుకోవాలి. గార్డులోంచి పర్సిస్టెంట్ అన్నది తీసేయండి. కీ నిర్ణయంలో దారి పొడవు చూడడం తీసేయండి; చాలామంది టెస్టుల్లో ఇది బతికిపోతుంది, ఎందుకంటే చిరునామాలో ప్రైమరీ పెట్టిన టెస్టు ఎవరూ రాయరు. బతికిన ప్రతి తప్పుకూ ఒక కొత్త టెస్టు రాయండి.

9. ఫైండర్‌తో వెతికించండి

జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయంలో తయారైన యూజ్ అనే టూల్‌లో మోడల్ వ్యాలిడేటర్ అనే ఫైండర్ ఉంది. అది కోడ్‌కోడ్ ఇంజిన్‌తో, మీరిచ్చిన హద్దుల్లో ఓసీఎల్ షరతులకు సరిపడే మోడల్ ఉందా అని మొత్తం వెతుకుతుంది. వాడే పద్ధతి ఇది: సోర్స్, టార్గెట్, వాటిని కలిపే ట్రేస్ మూడింటినీ ఒకే క్లాసు మోడల్‌గా పెట్టండి. ప్రీకండిషన్లు, రూల్స్ చెప్పే సంబంధాలు ఇన్వేరియంట్లుగా రాయండి. ఒక పోస్ట్‌కండిషన్‌ను తిరగేసి, అది తప్పే మోడల్ కావాలని అడగండి. దొరికితే అదే మీకు ఎదురు ఉదాహరణ.

అన్నిటికన్నా ముందు ఇంకో ప్రశ్న అడగండి: ప్రీకండిషన్లన్నిటికీ సరిపడి, రెండు టేబుళ్లు వచ్చే మోడల్ ఒక్కటైనా ఉందా? షరతులు ఒకదానికొకటి అడ్డుపడుతుంటే ఏ మోడలూ ఉండదు, అప్పుడు మీ పోస్ట్‌కండిషన్లన్నీ ఉత్తపుణ్యానికి నిజమైపోతాయి.

హద్దులు చిన్నగా పెట్టండి: మూడు క్లాసులు, నాలుగు అట్రిబ్యూట్లు. ఈ కేసులో ఆ హద్దులోనే ఒకటి బయటపడుతుంది. మొదటి క్లాసు పర్సిస్టెంట్ కాదు, రెండోది దాని కింద ఉండి పర్సిస్టెంట్, మూడోదానిలో ఒక అట్రిబ్యూటు టైపు ఆ రెండోది. పైకంటా వెళ్తే పర్సిస్టెంట్ కాని క్లాసు తగులుతుంది, దానికి టేబుల్ లేదు. కాలమ్ దేన్నీ సూచించలేదు. రెండో మెట్టులోని మొదటి వాక్యం ఈ సందర్భం గురించి ఏమీ తేల్చలేదు, మన రూల్ మాత్రం పేరెంటు లేని క్లాసులనే చూసింది. ఒకే వరుసలోని క్లాసులన్నీ పర్సిస్టెంటే కావాలి, లేదా ఏదీ కాకూడదు అని షరతు చేర్చి మళ్లీ నడపండి.

హద్దుల్లో ఏమీ దొరక్కపోవడం నిరూపణ కాదని గుర్తుంచుకోండి. స్ట్రింగులు కలపడం లాంటివి కూడా ఇలాంటి ఫైండర్లకు కొరుకుడు పడవు. అందుకే పేర్ల సంగతి టెస్టుల్లో, చేతి నిరూపణలో చూసుకున్నాం.

10. అసలు డేటాబేసులో పోసి చూడండి

స్కీమా మోడల్ నుంచి ఎస్‌క్యూఎల్ టెక్స్టు తీయడానికి ఆక్సెలియో లాంటి టూల్ వాడి, దాన్ని నిజమైన డేటాబేసులో నడపండి. మోడల్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా ఇక్కడ కొత్త హద్దులు ఎదురవుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో పేరుకు మామూలుగా 63 బైట్లే చోటు, అంతకన్నా పొడవైతే కత్తిరించేస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లులు ఒక్కొక్కటీ 3 బైట్లు. అంటే అలాంటివి 21 మాత్రమే పడతాయి. అట్రిబ్యూటు పేరు ‘శాశ్వతచిరునామా’ అని పెడితే శాశ్వతచిరునామా_పిన్‌కోడ్ ఆ హద్దు దాటేస్తుంది. తోక తెగాక రెండు కాలమ్‌ల పేర్లు ఒకటైతే టేబుల్ సృష్టి ఫెయిలవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో లెక్క వేరు, అక్కడ హద్దు 64 అక్షరాలు.

తెలుగు పేర్లలో ఇంకో చిక్కు: ‘పిన్‌కోడ్’లో న్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చూడడానికి దాదాపు ఒకేలా ఉండే రెండు పేర్లు మోడల్‌కు వేర్వేరు. కాబట్టి పేర్లలోంచి ఆ గుర్తును తీసేశాకే పోల్చమని, కాలమ్ పేరు బైట్లలో 63 దాటకూడదని రెండు షరతులు చేర్చండి. మొదటిది ప్రీకండిషన్లలోకి, రెండోది పోస్ట్‌కండిషన్లలోకి వెళ్తుంది. రెండో షరతు తప్పినప్పుడు ఏ దారి పొడవైందో ట్రేస్ చూసి వాడుకరికి చెప్పండి, తర్వాత ఏడో మెట్టులోని పేర్ల జాబితాకు ఒక పొడవాటి తెలుగు పేరును కూడా కలిపి టెస్టులు మళ్లీ నడపండి.